సెడ్రిక్ హెంగ్‌బార్ట్ గుర్తున్నాడా? ఫ్రాన్స్ రెండో డివిజన్ నుంచి కొచ్చి దాకా వచ్చిన డిఫెండర్

కోఠి_కుర్రాడు (రాత్రి 10:40)

నిన్న నిద్ర పట్టక మన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) 2016 ఫైనల్ మళ్ళీ పెట్టుకుని కూర్చున్నా. కేరళ బ్లాస్టర్స్, అట్లెటికో డి కోల్‌కతా. కొచ్చి స్టేడియం. 1-1, పెనాల్టీలు. కేరళ ఐదో కిక్ కొట్టడానికి వచ్చినవాడు సెడ్రిక్ హెంగ్‌బార్ట్. డిఫెండర్, అప్పటికి 36 ఏళ్ళు. కోల్‌కతా గోల్ కీపర్ దేబ్‌జిత్ మజుందార్ కాళ్ళతో ఆపేశాడు. వెంటనే జ్యువెల్ రాజా గోల్ వేసేశాడు, కప్పు కోల్‌కతాకి పోయింది.

అప్పుడు నేను ఇంటర్. టీవీ ముందు అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే మోడరేటర్ గారు ఊరుకోరు. ఇన్నేళ్ళకి అసలు ఈయనెవరు అని వెతికితే కథ వేరేలా ఉంది. 1980లో నార్మండీలోని ఫలేజ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పక్కనే ఉన్న పెద్ద ఊరి క్లబ్ కాఁ. అక్కడే 2008 దాకా ఆడాడు, ఆ ఏళ్ళలో చాలావరకు రెండో డివిజన్లోనే. తర్వాత ఒసేర్ క్లబ్‌కి ఆరేళ్ళు. అక్కడ యూరప్ పెద్ద క్లబ్‌ల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ ఆడాడు, మళ్ళీ రెండో డివిజన్‌కి పడ్డాడు. 34 ఏళ్ళకి ఇండియా వచ్చాడు. 2014లో కేరళ, 2015లో నార్త్ఈస్ట్, 2016లో మళ్ళీ కేరళ.

పిరెస్, త్రెజెగే, అనెల్కా లాంటి ఫ్రాన్స్ స్టార్లు ఐఎస్‌ఎల్‌కి వచ్చినప్పుడు మన పేపర్లు పేజీలు రాశాయి. ఇతని గురించి తెలుగులో నాలుగు వాక్యాలు కూడా దొరకలేదు. అతని ఆట చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

---

బెజవాడ_బ్యాక్‌బెంచ్ (రాత్రి 10:58)

చూశాం బ్రో. చూసి బాధపడ్డాం కూడా. ఫ్రాన్స్ సెకండ్ డివిజన్లో ఇక ఎవరూ తీసుకోని వయసులో ఇక్కడికొచ్చి రెండు నెలలు ఆడి డబ్బు పట్టుకెళ్ళిన బ్యాచ్‌లో ఒకడు. ఐఎస్‌ఎల్ తొలి ఏళ్ళంతా అదేగా. పదవీ విరమణ పథకం.

2016లో కేరళ డిఫెన్స్ గట్టిదని అందరూ పొగిడారు. ముంబైలో 5-0తో ఓడిన రోజు గుర్తుందా? ఫోర్లాన్ హ్యాట్రిక్ కొట్టాడు. ఆ సీజన్ లీగ్ దశలో కేరళ వేసిన గోల్స్ 13, తిన్నవి 15. తిన్నదే ఎక్కువ.

---

కక్కనాడ్_కిరణ్ (రాత్రి 11:07)

లెక్క కరెక్టే. 13 వేసి 15 తిన్న టీమ్ పట్టికలో రెండో స్థానంలో ఎలా ఉంది మరి? ఆ 15లో 5 ఒక్క రాత్రివి. అది తీసేస్తే మిగతా 13 మ్యాచ్‌ల్లో 10. 1-0, 2-1 అని ఎక్కువగా ఒక్క గోల్ తేడాతో గెలుచుకుంటూ వచ్చారు. అలా గెలవాలంటే వెనక నిలబడేవాళ్ళు ఉండాలి. ఏరన్ హ్యూస్, హెంగ్‌బార్ట్, మన సందేశ్ ఝింగన్. కోచ్ స్టీవ్ కోపెల్. కోపెల్ టీమ్ ఆట చూడ్డానికి ఇంపుగా ఉండదు, ఒప్పుకుంటా. మా ఆఫీసులో మలయాళీలే ఆవులించేవారు.

2014 ఇంకా పిచ్చి. లీగ్ 14 మ్యాచ్‌ల్లో వేసింది మొత్తం 9 గోల్స్. తొమ్మిది! తిన్నది 11. ఆ లెక్కతో ఫైనల్‌కి వెళ్ళారు. వెనక హెంగ్‌బార్ట్, కోలిన్ ఫాల్వీ, జేమీ మెక్‌అలిస్టర్, గోల్లో డేవిడ్ జేమ్స్. తొమ్మిది గోల్స్ టీమ్‌ని ఫైనల్‌కి మోసినవాళ్ళు ఫార్వర్డ్‌లు కాదు కదా.

---

సినిమా_సుబ్బు (రాత్రి 11:15)

ఆ టీమ్ ఓనర్లు మనవాళ్ళే కదా, ఇది ఎవరూ అనరేంటి. మొదట సచిన్‌తో పీవీపీ. 2016లో సచిన్ పక్కన చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్. అంటే మెగాస్టార్ టీమ్‌లో హెంగ్‌బార్ట్ అన్నమాట. మా ఊళ్ళో కేరళకి ఫ్యాన్స్ ఉన్నారంటే కారణం అదే, ఫుట్‌బాల్ కాదు 😀

---

మోడరేటర్ (రాత్రి 11:20)

సుబ్బు గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ ఇక్కడి నుంచి "చిరు వర్సెస్ నాగ్" మొదలైతే థ్రెడ్‌కి తాళం వేస్తాను. ఆట మీదే ఉండండి.

---

కోఠి_కుర్రాడు (రాత్రి 11:26)

కాఁ అంటే సినిమా పండగ జరిగే ఊరేనా? అక్కడ ఫుట్‌బాల్ క్లబ్ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది.

---

లియోన్_లక్ష్మి (రాత్రి 11:49)

అది వేరే తమ్ముడూ. ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ అదే పొరపాటు చేశాను. సినిమా పండగ ఊరు కాన్, దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంటుంది (జిదాన్ మొదలైంది ఆ ఊరి క్లబ్‌లోనే). ఇది కాఁ, ఉత్తరాన నార్మండీలో. పలకడంలో ముక్కుతో అనే ఒక్క తేడా. స్టేషన్‌లో టికెట్ అడిగేటప్పుడు ఊరి పేరు కాగితం మీద రాసి చూపించడం మేలు.

ఫలేజ్ ఆ కాఁకి దక్షిణంగా 35 కిలోమీటర్లు ఉంటుంది. ఇంగ్లండ్‌ని జయించిన విలియమ్ పుట్టింది ఫలేజ్‌లో, సమాధి ఉన్నది కాఁలో. ఒక విధంగా హెంగ్‌బార్ట్‌దీ అదే దారి, మధ్యలో ఇంగ్లండ్ లేదంతే.

బెజవాడ గారూ, "సెకండ్ డివిజన్" అన్నది మీరు తిట్టులా వాడారు. ఇక్కడ ఉండి చూస్తున్నదాన్ని కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి.

ఫ్రాన్స్‌లో పూర్తి ప్రొఫెషనల్ డివిజన్లు రెండు, లీగ్ 1, లీగ్ 2. హెంగ్‌బార్ట్ కాలంలో ఒక్కోదాంట్లో 20 జట్లు, 38 మ్యాచ్‌లు (ఇప్పుడు 18 జట్లే). దాని కింద నేషనల్. అందులో కొన్ని జట్లు ప్రొఫెషనల్, కొన్ని సగం సగం. ఇంకా కిందికి పోతే పగలు ఏదో పని చేసుకుని సాయంత్రం ఆడేవాళ్ళు. ఏటా ఇవన్నీ పైకీ కిందికీ కదులుతుంటాయి. క్లబ్ పడిపోతే ఆటగాడి జీవితమూ దాంతోపాటే దిగుతుంది. జీతం తగ్గుతుంది, టీవీలో కనిపించడం తగ్గుతుంది, మ్యాచ్ శనివారం నుంచి శుక్రవారం రాత్రికి మారుతుంది.

మన ఐపీఎల్లో ఈ పడిపోవడం అనేదే లేదు, ఐఎస్‌ఎల్లోనూ మొదలైన చాలా ఏళ్ళు లేదు, కాబట్టి మనకి ఇది ఎక్కదు. చివరి స్థానంలో వచ్చినా వచ్చే ఏడు మళ్ళీ అదే లీగ్. హెంగ్‌బార్ట్ కెరీర్ మొత్తం ఈ లిఫ్ట్‌లోనే గడిచింది. కాఁ 2004లో పైకెక్కింది, 2005లో దిగింది, 2007లో మళ్ళీ ఎక్కింది. 2005లో ఆ క్లబ్ లీగ్ కప్ ఫైనల్ కూడా ఆడింది, స్త్రాస్‌బూర్ చేతిలో 2-1తో ఓడిపోయింది. నెల తిరిగేలోపే కింది డివిజన్‌కి పోయింది. ఏప్రిల్ 30న స్టాడ్ ద ఫ్రాన్స్‌లో ఫైనల్, మే ఆఖరుకి లీగ్ 2. ఇలాంటివి తట్టుకుని అదే క్లబ్‌లో ఉండి మళ్ళీ పైకి లాగినవాళ్ళని ఇక్కడ జనం మర్చిపోరు.

---

ఓరుగల్లు_గోలీ (ఉదయం 6:35)

లక్ష్మి గారి పోస్ట్ బాగుంది. రంజీ ప్లేయర్ అనుకుంటే అర్థమవుతుంది. ఇండియాకి ఆడలేదు కాబట్టి పనికిరాడు అనగలమా?

---

బెజవాడ_బ్యాక్‌బెంచ్ (ఉదయం 8:10)

రంజీ పోలిక ఒప్పుకోను. రంజీలో ఆడేవాడికి రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం ఉంటుంది. వీళ్ళకి కాంట్రాక్టు అయిపోతే ఏముంటుంది? అందుకే దొరికిన చోటికి పోతారు. ఇండియా, ఖతార్, ఎక్కడైనా. తప్పు అనట్లేదు. గొప్ప అనకండి అంటున్నా.

---

పాత_రేడియో (ఉదయం 9:22)

ఉద్యోగం మాట వచ్చింది కాబట్టి ముసలివాణ్ణి నాలుగు ముక్కలు చెప్తాను.

మా హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో జరిగే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్ శిక్షణ. ఆ ఆటగాళ్ళందరూ పోలీసు ఉద్యోగులే. అందులో అజీజుద్దీన్ అనే డిఫెండర్ ఉండేవాడు. మా నాన్న ఆ పేరు చెప్పేటప్పుడు కూర్చున్నచోట నుంచి లేచేవాడు. ఆట అయిపోయినా వాళ్ళకి యూనిఫాం ఉంది, నెల జీతం ఉంది, ఆ తర్వాత పింఛను.

అదే కాలంలో ఫ్రాన్స్ ప్రొఫెషనల్ పరిస్థితి వేరు. ఒక క్లబ్‌తో సంతకం పెడితే 35 ఏళ్ళు వచ్చేదాకా ఆ క్లబ్ సొత్తే. అమ్మాలన్నా ఉంచాలన్నా క్లబ్ ఇష్టం. రేమండ్ కోపా అని రియల్ మాడ్రిడ్‌కి ఆడిన మహానుభావుడు 1963లో "ఆటగాళ్ళు బానిసలు" అన్నాడు. అన్నందుకు అతనికి శిక్ష వేశారు. అంతకు రెండేళ్ళ ముందే, 1961లో, ఆటగాళ్ళ సంఘం పెట్టుకున్నారు, యూఎన్ఎఫ్‌పీ. గడువు ఉన్న కాంట్రాక్టు సాధించుకోవడానికి 1969 దాకా పట్టింది.

కాబట్టి బెజవాడ బాబూ, "కాంట్రాక్టు అయిపోతే ఏముంటుంది" అన్నావే, ఆ అయిపోయే కాంట్రాక్టు కోసమే వాళ్ళు కొట్లాడారు. అది అయిపోతుంది కాబట్టే ఆటగాడు తన కాళ్ళ మీద తను ఇంకో చోటికి పోగలుగుతున్నాడు. కొచ్చికైనా సరే.

---

బెజవాడ_బ్యాక్‌బెంచ్ (ఉదయం 9:40)

మాస్టారూ, మీతో వాదించను 🙏 కానీ నా పాయింట్ అలాగే ఉంది.

---

లియోన్_లక్ష్మి (మధ్యాహ్నం 1:15)

మాస్టారు గారు సంఘం గురించి చెప్పారు కాబట్టి దాని ఇప్పటి పని ఒకటి. కాంట్రాక్టు దొరకని ఆటగాళ్ళ కోసం ప్రతి వేసవిలో ఆ సంఘమే ఒక శిక్షణ శిబిరం నడుపుతుంది, 1990 నుంచి. కోచ్‌లుంటారు, డాక్టర్లుంటారు, క్లబ్‌లతో స్నేహపూర్వక మ్యాచ్‌లు పెడతారు. చూడ్డానికి వచ్చిన క్లబ్‌కి ఎవరైనా నచ్చితే తీసుకుపోతుంది. అదొక సంత అని వెక్కిరించేవాళ్ళూ ఉన్నారు. కానీ ఇంట్లో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూడ్డం కన్నా నయం కదా. కాంట్రాక్టు లేని ఆటగాడు మామూలు ఉద్యోగిలాగే నిరుద్యోగ భృతికి పేరు రాయించుకోవచ్చు. మొన్నటిదాకా టీవీలో కనిపించినవాడైనా అంతే.

ఇంకోటి. ఈ కింది డివిజన్ల నుంచే ఎవరెవరు వచ్చారో చూడండి. లోరాఁ కోసియెల్నీ తూర్ క్లబ్‌తో మూడో డివిజన్ ఆడాడు, తర్వాత ఆర్సెనల్ కెప్టెన్ అయ్యాడు. ఆదిల్ రామి ఫ్రెజూస్ మునిసిపాలిటీలో తోటపని చేస్తూ నాలుగో డివిజన్ ఆడాడు. 2018 వరల్డ్ కప్ పతకం అతని ఇంట్లో ఉంది (టోర్నీ మొత్తంలో ఒక్క నిమిషం ఆడలేదు, అది వేరే కథ). అదే వరల్డ్ కప్ గెలిచిన ఎన్‌గోలో కాంతే బులోన్ క్లబ్‌తో మూడో డివిజన్లో ఆడి, 2013లో రెండో డివిజన్‌లోని కాఁకి వచ్చాడు. హెంగ్‌బార్ట్ వాళ్ళ కాఁకే.

---

కోఠి_కుర్రాడు (మధ్యాహ్నం 1:32)

ఆగండాగండి. 2013-14లో కాంతే కాఁలో, హెంగ్‌బార్ట్ ఒసేర్‌లో, ఇద్దరూ లీగ్ 2లోనా? ఒకే డివిజన్?

---

లియోన్_లక్ష్మి (మధ్యాహ్నం 1:50)

అవును. ఒకే డివిజన్. ఆ సీజన్ అయ్యాక 23 ఏళ్ళ కాంతే లీగ్ 1కి, 34 దగ్గరపడుతున్న హెంగ్‌బార్ట్ కొచ్చికి.

దానికన్నా తమాషా 2012లో జరిగింది. ఆ ఏడు లీగ్ 1 నుంచి పడిపోయిన మూడు జట్లు కాఁ, దిజోఁ, ఒసేర్. అంటే హెంగ్‌బార్ట్ పాత క్లబ్, కొత్త క్లబ్ రెండూ ఒకే ఏడు, ఒకే డివిజన్లోకి పడ్డాయి. ఒసేర్ అయితే 1980 నుంచి 32 సీజన్లు వరసగా పైనే ఉన్న జట్టు. 35 వేల మంది ఉండే ఊరు అది. గీ రూ అనే ఒక్క కోచ్ 1961 నుంచి 2005 దాకా నడిపించిన క్లబ్, మధ్యలో విరామాలున్నా. ఆయన రోజుల్లోనే 1996లో ఛాంపియన్. ఊరివాళ్ళకి రెండో డివిజన్ అంటే ఏంటో తెలియని తరం ఒకటి పెరిగిపోయింది. అలాంటి చోట పడిపోయిన జట్టులో మిగిలి ఉండటం అంటే, రోజూ రొట్టెల కొట్టు దగ్గర కూడా జనం మొహం చూడాలి.

---

ఓరుగల్లు_గోలీ (మధ్యాహ్నం 2:20)

ఒసేర్ ఛాంపియన్స్ లీగ్ సంగతి ఎవరైనా చెప్పండి. అది నాకు కొత్త.

---

కోఠి_కుర్రాడు (మధ్యాహ్నం 3:05)

నేను చెప్తా, నిన్నంతా అదే చదివా.

2009-10లో ఒసేర్ లీగ్ 1లో మూడో స్థానం, 71 పాయింట్లు. కోచ్ జాఁ ఫెర్నాండెజ్. 38 మ్యాచ్‌ల్లో వేసింది 42, తిన్నది 29. అంటే చూడండి, వెనకాల ఎంత గట్టిగా ఉన్నారో. మన కేరళ 2014 లెక్కకి అన్నయ్య లాంటిది.

మూడో స్థానం కాబట్టి ఛాంపియన్స్ లీగ్‌కి ముందు క్వాలిఫయింగ్ ఆడాలి. ప్రత్యర్థి జెనిత్ సెయింట్ పీటర్స్‌బర్గ్, కోచ్ స్పలెత్తి. రష్యాలో 1-0తో ఓడారు. తిరిగి ఒసేర్‌లో, 2010 ఆగస్టు 25న, 9వ నిమిషంలో మొదటి గోల్ వేసింది ఎవరనుకుంటున్నారు? హెంగ్‌బార్టే. తర్వాత యెలెన్ రెండోది వేశాడు. 2-0. రెండు మ్యాచ్‌లు కలిపి 2-1తో ఒసేర్ లోపలికి.

గ్రూప్‌లో రియల్ మాడ్రిడ్, ఏసీ మిలాన్, అయాక్స్. చావు గ్రూప్. మిలాన్‌లో ఇబ్రహీమోవిచ్ రెండు వేశాడు. మాడ్రిడ్‌లో 4-0, బెంజెమా హ్యాట్రిక్. ఇంట్లో అయాక్స్‌ని మాత్రం 2-1తో కొట్టారు. మొత్తం మూడు పాయింట్లు, ఆఖరి స్థానం.

2010 డిసెంబర్‌లో రియల్ మాడ్రిడ్ స్టేడియం బెర్నబ్యూ. 2012 ఆగస్టుకి లీగ్ 2. 2014 అక్టోబర్‌కి ఇండియా. నాలుగేళ్ళలో.

---

బెజవాడ_బ్యాక్‌బెంచ్ (మధ్యాహ్నం 3:30)

ఆ జెనిత్ గోల్ నాకు తెలీదు. సరే, అది ఒప్పుకుంటా. ఛాంపియన్స్ లీగ్‌కి చేర్చిన మ్యాచ్‌లో డిఫెండర్ గోల్ అంటే చిన్న విషయం కాదు.

అయినా చూడు, అదే మనిషి జీవితంలో రెండు పెద్ద క్షణాలు. ఒకటి గోల్, ఒకటి మిస్. ఇండియాలో మాకు దక్కింది మిస్.

---

కక్కనాడ్_కిరణ్ (సాయంత్రం 6:45)

ఆ మిస్ నేను స్టేడియంలో చూశాను. అందుకే ఇంత సేపు ఆగాను, ఆఫీసులో కూర్చుని రాసేది కాదు.

2016 డిసెంబర్ 18. నోట్లరద్దు అయి నలభై రోజులు. నాకు టికెట్ ఉంది, జేబులో ఒకే ఒక్క రెండు వేల నోటు ఉంది. కక్కనాడ్ నుంచి స్టేడియం దాకా ఆటోవాడు ఆ నోటు తీసుకోడు, చిల్లర ఎక్కడా లేదు. నడిచాను. దారంతా పసుపు చొక్కాలు. మధ్యాహ్నం నుంచే జనం. లోపల 54 వేల మందికి పైనే. నేను అంతమందిని ఒకచోట చూసింది అంతకుముందు పుష్కరాల్లోనే.

37వ నిమిషంలో మన రఫీ హెడర్‌తో గోల్ వేశాడు. పక్కన ఉన్న ముసలాయన నన్ను ఎత్తినంత పని చేశాడు. ఆ సంబరం ఏడు నిమిషాలే. కార్నర్ నుంచి కోల్‌కతా సెరెనో సమం చేశాడు. ఆ తర్వాత పెనాల్టీల దాకా గోల్ లేదు.

షూటౌట్లో మొదట మనమే ముందు. ఇయాన్ హ్యూమ్ కిక్‌ని గ్రాహమ్ స్టాక్ ఆపాడు. హ్యూమ్ 2014లో మనవాడే, ఇప్పుడు వాళ్ళవాడు. స్టేడియం మొత్తం అతనికి శాపనార్థాలు పెట్టింది, ఫలించాయి కూడా. తర్వాత మన ఎన్‌డోయే బంతి బార్ మీదుగా పోయింది. మహమ్మద్ రఫీక్ వేశాడు. ఈ రఫీక్ ఎవరంటే 2014 ఫైనల్లో ఆఖరి నిమిషంలో మన మీద గోల్ వేసి కప్పు కోల్‌కతాకి ఇచ్చినవాడు, ఇప్పుడు మన టీమ్. ఇలా అంతా అటూఇటూ అయిపోయి ఉంది. రెండు ఫైనల్స్‌లోనూ పసుపు వైపే నిలబడ్డ విదేశీ ఆటగాడు హెంగ్‌బార్ట్.

అతను ఐదోదానికి నడిచి వస్తుంటే మా పక్క స్టాండ్‌లో ఎవరూ భయపడలేదు. "సెడ్రిక్ ఉన్నాడులే" అన్నట్టు ఉంది. అది నాకు బాగా గుర్తు. ఫార్వర్డ్‌లు వెళ్ళినప్పుడు జనం కళ్ళు మూసుకున్నారు, అతనికి మూసుకోలేదు.

తర్వాత సంగతి మీకు తెలుసు. బయటికొస్తే పొద్దున వంద చెప్పిన మెడ పట్టీ యాభైకి ఇస్తానంటున్నాడు అమ్మేవాడు. నా దగ్గర అదే రెండు వేల నోటు. అతనూ తీసుకోలేదు.

---

ఓరుగల్లు_గోలీ (రాత్రి 7:30)

కిరణ్ అన్నా, కళ్ళకు కట్టావు.

నేను కాలేజీ టీమ్‌లో గోల్ కీపర్ని కాబట్టి ఆ కిక్ గురించి ఒక మాట. ఆ వీడియో పది సార్లు చూశా. బంతి బలంగానే వచ్చింది, కానీ మధ్యకి దగ్గరగా. మధ్యకి కొట్టడం తప్పేం కాదు, కీపర్ దూకేస్తాడని లెక్క. మేం దూకేటప్పుడు ఒంటిని పక్కకి విసిరినా వెనక కాళ్ళు ఆలస్యంగా వస్తాయి. బంతి కొంచెం పైకి లేస్తే కాళ్ళకి అందదు, గోల్. నేల మీదుగా వస్తే కాలికి తగులుతుంది. దేబ్‌జిత్‌ది సగం లెక్క, సగం అదృష్టం. నేను కూడా అలా రెండు ఆపాను, రెండుసార్లూ నాకే తెలీదు ఎలా ఆపానో. తర్వాత అందరికీ "ముందే కనిపెట్టా" అని చెప్పుకున్నాను.

ఇంకోటి, వంద ఇరవై నిమిషాలు ఆడిన 36 ఏళ్ళ కాళ్ళు అవి. డిసెంబర్ అయినా కొచ్చి ఉక్క తెలుసు కదా.

---

బెజవాడ_బ్యాక్‌బెంచ్ (రాత్రి 7:48)

మరి కోపెల్ అతన్ని ఎందుకు పెట్టాడు ఐదోదానికి?

---

కక్కనాడ్_కిరణ్ (రాత్రి 7:55)

వేరే ఎవరున్నారు చెప్పు, ఆ వత్తిడికి? నాలుగు రోజుల ముందే ఢిల్లీలో సెమీస్ షూటౌట్ 3-0తో గెలిచి వచ్చిన టీమ్. పెనాల్టీలంటే మనకి ఇబ్బంది లేదనే ధీమా అందరికీ ఉంది. నాకూ.

---

నల్లగొండ_నెట్ (రాత్రి 8:20)

కేరళ ఫ్యాన్స్‌కి పెనాల్టీలు అస్సలు అచ్చిరావు. 2022 ఫైనల్ గోవాలోని ఫటోర్డాలో మన హైదరాబాద్ ఎఫ్‌సీ మీద కూడా షూటౌట్లోనే పోయారు, 3-1. మన గోల్ కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మా హాస్టల్ మొత్తం పిచ్చెక్కి పోయింది ఆ రోజు.

---

పాత_రేడియో (రాత్రి 8:41)

ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడెక్కడ ఉంది నాయనా?

---

నల్లగొండ_నెట్ (రాత్రి 8:44)

...ఢిల్లీలో మాస్టారూ. 2025లో పేరు మార్చుకుని అక్కడికి పోయింది. గుర్తు చేయకండి.

---

పాత_రేడియో (రాత్రి 9:10)

గుర్తు చేయాలనే అడిగాను. 2019లో పుణె టీమ్ లైసెన్సు మూతపడితే ఆ స్థానంలో ఇక్కడ పుట్టింది. మూడేళ్ళకి కప్పు గెలిచింది. ఇంకో మూడేళ్ళకి మూటాముల్లె సర్దుకుంది. గచ్చిబౌలి స్టేడియంకి మా మనవణ్ణి తీసుకెళ్ళేవాణ్ణి. వాడికి పసుపు చొక్కా కూడా కొన్నాను. ఇప్పుడు వాడు "తాతా, మన టీమ్ ఏ డివిజన్లో ఉంది" అని అడిగితే నేనేం చెప్పాలి? పడిపోయిందంటే అదో లెక్క. మళ్ళీ ఎక్కుతుందని కూర్చోవచ్చు. లక్ష్మమ్మ చెప్పిన ఒసేర్ వాళ్ళు అలా కూర్చున్నారు కదా.

---

లియోన్_లక్ష్మి (రాత్రి 10:02)

కూర్చున్నారు మాస్టారూ. పదేళ్ళు. 2022లో సెయింత్ ఎతియెన్‌ని ప్లే-ఆఫ్ పెనాల్టీల్లో ఓడించి పైకొచ్చారు. ఏడాదికే మళ్ళీ పడ్డారు. 2024లో లీగ్ 2 ఛాంపియన్‌గా మళ్ళీ ఎక్కారు. 2025-26 సీజన్లోనూ లీగ్ 1లోనే ఆడారు.

కాఁ సంగతి వింటే బాధేస్తుంది. 2024లో ఫ్రాన్స్ స్టార్ ఎంబాపే పెట్టుబడి సంస్థ ఆ క్లబ్‌లో మెజారిటీ వాటా కొంది. అందరూ ఇక దశ తిరిగిందన్నారు. 2025లో నేషనల్‌కి పడిపోయింది, మూడో డివిజన్. నలభై ఏళ్ళ తర్వాత మొదటిసారి. ఎంబాపే కొన్న క్లబ్, కాంతే ఆడిన క్లబ్.

పోయిన శీతాకాలం నేను గ్రెనోబుల్లో లీగ్ 2 మ్యాచ్ చూశాను. ఇక్కడి నుంచి రైల్లో గంటన్నర లోపే. శుక్రవారం రాత్రి, ఎముకలు కొరికే చలి, స్టాండ్ సగం ఖాళీ. టీవీలో ఎప్పుడూ వినపడనిది అక్కడ వినపడింది: వెనక డిఫెండర్ల అరుపులు. తొంభై నిమిషాలు ఆపకుండా. "ఎడమకి", "వదిలెయ్", "నీ వెనక", "పైకి రండి". బంతి అవతలి సగంలో ఉన్నా అరుస్తూనే ఉన్నాడు ఒకడు, పెళ్ళిలో వంటవాళ్ళని అదిలించే పెదనాన్నలాగా. నా పక్కనున్న పెద్దావిడ, థర్మాస్‌లో సూప్ తెచ్చుకుంది, అతన్ని చూపించి "అతను ఆగిపోతే మనం ఓడిపోతాం" అంది. 80వ నిమిషంలో అతన్ని మార్చారు. ఓడిపోయాం.

---

కక్కనాడ్_కిరణ్ (రాత్రి 10:15)

హెంగ్‌బార్ట్ కూడా అంతే లక్ష్మి గారూ. ముందు వరసల్లో కూర్చుంటే చేతులు కనపడేవి, ఎప్పుడూ ఝింగన్‌ని అటు జరుగు ఇటు జరుగు అని చూపిస్తూ. 2014లో ఝింగన్‌కి 21 ఏళ్ళు. తలకాయ ముందు పెట్టి దూకే రకం. పక్కన ఫ్రాన్స్‌లో ఎక్కీదిగీ వచ్చిన మనిషి. ఆ ఏడు చెన్నై సెమీస్ రెండో మ్యాచ్ చూడండి ఎవరికైనా దొరికితే. కొచ్చిలో 3-0 గెలిచి వెళ్ళాం, అక్కడ 3-0 తిరిగి కొట్టారు. మెక్‌అలిస్టర్‌కి రెడ్ కార్డ్. పది మందితో అదనపు సమయం. ఆఖర్లో పియర్సన్ గోల్‌తో బయటపడ్డాం. ఆ రాత్రి డిఫెన్స్ పడిన పాట్లకి ఎవరూ అవార్డు ఇవ్వలేదు.

---

కోఠి_కుర్రాడు (రాత్రి 10:31)

అది వెతుకుతా ఇవాళ.

బ్యాక్‌బెంచ్ బ్రో, ఇప్పుడు చెప్పు. ఇంకా పదవీ విరమణ పథకమేనా?

---

బెజవాడ_బ్యాక్‌బెంచ్ (రాత్రి 10:50)

పథకమే. అనెల్కాకీ త్రెజెగేకీ అది పథకమే. ఇతని విషయంలో ఆ మాట వెనక్కి తీసుకుంటా, ఎందుకంటే మూడేళ్ళు వరసగా తిరిగి వచ్చాడు. డబ్బు కోసమే అయితే ఒకసారి వచ్చి సరిపెట్టుకునేవాడు. 2015లో కేరళ ఆఖరి స్థానంలో వచ్చింది, అతను లేడు. 2016లో ఉన్నాడు, ఫైనల్. కారణం అతనొక్కడే అనను. కోపెల్ ఉన్నాడు, హ్యూస్ ఉన్నాడు.

పెనాల్టీ మాత్రం పైకి కొట్టాల్సింది.

---

ఓరుగల్లు_గోలీ (రాత్రి 10:53)

పైకి కొడితే ఎన్‌డోయేలా బార్ మీదుగా పోయేది, అప్పుడు "కింద కొట్టాల్సింది" అనేవాడివి.

---

సినిమా_సుబ్బు (రాత్రి 11:04)

మోడరేటర్ గారూ, చిరంజీవి గారి పేరెత్తకుండా ఒక ప్రశ్న. ఆ 2014 టీమ్‌లోని ఐర్లండ్ డిఫెండర్ కోలిన్ ఫాల్వీ మీద ఎవరైనా థ్రెడ్ వేస్తారా? ఆ పేరు వినగానే గుర్తొచ్చింది, ఆయన హెడర్లు బాగుండేవి.

---

కక్కనాడ్_కిరణ్ (రాత్రి 11:09)

నేనే వేస్తా, ఆదివారం. ఈలోపు ఎవరి దగ్గరైనా చెన్నై సెమీస్ పూర్తి రికార్డింగ్ ఉంటే చెప్పండి, కోఠి తమ్ముడికి కావాలంట.